గురి కుదిర్చిన చేతులు

పిస్టల్ వెనక సైట్‌ను, అంటే గురి చూసే గాడిని, 0.64 మిల్లీమీటరు కుడికి జరిపితే, 25 మీటర్ల దూరంలో గుండు 10 సెంటీమీటర్లు కుడికి జరిగి తగులుతుంది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే 9 ఎం.ఎం. పిస్టల్‌కు ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం సుమారు 159 మిల్లీమీటర్లు. గుండు ఎంత తప్పిందో ఆ దూరాన్ని 159తో గుణించి, టార్గెట్ దూరంతో భాగిస్తే, సైట్ ఎంత జరపాలో తేలుతుంది. కరీంనగర్ ఉమ్మడి జిల్లాలో పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా నా ఉద్యోగమంతా ఈ చిన్న లెక్క చుట్టూనే గడిచింది. చేతిలో ఇత్తడి కడ్డీ, చిన్న సుత్తి, సన్నటి ఆకురాయి. వెంట్రుక మందంతో జరిగే పని. ఆ వెంట్రుక మందమే అవతల వేలి మందమవుతుంది.

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో తుపాకి చరిత్ర రాసినవాళ్లు ఎవరు కాల్చారో, ఎవరు పడిపోయారో రాశారు. కోట కట్టించిన నవాబు పేరు, దళం నడిపిన నాయకుడి పేరు దొరుకుతాయి. ఆ ఆయుధం చూపిన చోటికే గుండు పోయేలా కుదిర్చిన పనివాళ్ల పేర్లు మాత్రం దొరకవు. గురి తప్పిన తుపాకి తన శత్రువును వదిలేసి పక్కనున్న మనిషిని పడగొడుతుంది. అందుకే గురి కుదర్చడం నా దృష్టిలో ఆయుధానికి సంబంధించిన మొట్టమొదటి బాధ్యత. ఆ బాధ్యత మా నేల మీద ఏయే చేతులు మారుతూ వచ్చిందో చెప్పాలన్నదే నా కోరిక.

జగిత్యాల కోటతో మొదలుపెడతాను. నిర్మల్‌ను ఏలిన జఫరుద్దౌలా కోసం 1747లో ఫ్రెంచి ఇంజనీర్లు దీన్ని కట్టారని గెజిటీర్లు చెప్తాయి. స్థానికులు ఆయన్ను ఇబ్రహీం ఖాన్ ధంసా అంటారు. కోట నక్షత్రం ఆకారంలో ఉంటుంది, చుట్టూ కందకం. బురుజుల మీద ఇప్పటికీ ఫిరంగులు కనిపిస్తాయి. చూడవచ్చినవాళ్లు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు, ఊరి మీదికి చూస్తారు, దిగిపోతారు. నేను మాత్రం అక్కడికి పోయినప్పుడల్లా గోడ మూలల దగ్గరే ఆగిపోతాను. నాకు ఆ కోట మొత్తం ఒక సైట్‌లాగే కనిపిస్తుంది.

కారణం చెప్తాను. పాత కోటలకు గుండ్రటి బురుజులు ఉండేవి. గుండ్రటి బురుజు మొదలు దగ్గర, సరిగ్గా దాని ముందు, పై నుంచి ఎవరికీ కనిపించని చోటు కొంత మిగిలిపోతుంది. శత్రువు అక్కడిదాకా చేరితే పైనున్న ఫిరంగి వాణ్ణి చూడలేదు, పక్క బురుజు ఫిరంగి కూడా చూడలేదు. అక్కడ కూర్చుని సురంగం తవ్వి మందు పెట్టి గోడను లేపేయవచ్చు. మందుగుండు బలపడ్డాక యూరప్‌లో ఈ లోపాన్ని పట్టుకుని, పదిహేను, పదహారో శతాబ్దాల్లో ఇటలీలో కోణాల బురుజు పుట్టించారు. కోణాన్ని కుదిర్చే పద్ధతి ఇది: పక్క బురుజు మీద నిలబడ్డ ఫిరంగివాడి కంటి నుంచి గీత గీస్తే, ఆ గీత ఈ బురుజు ముఖం వెంట ఆనుకుని సాగాలి. ప్రతి గోడనూ మరో గోడ చూడాలి. కోట కట్టకముందే, కాగితం మీద, ఏ ఫిరంగి చూపు ఎక్కడిదాకా పోతుందో గీసుకుని, ఆ చూపుల గీతల ప్రకారం రాయి పేర్చుకుంటూ పోతే వచ్చే ఆకారమే నక్షత్రం. అందానికి వేసిన ఆకారం కాదది. ఈ విద్య ఫ్రాన్స్‌లో పదిహేడో శతాబ్దంలో వోబాన్ అనే ఇంజనీరు చేతిలో శాస్త్రంగా స్థిరపడింది. అక్కణ్ణుంచి అది గోదావరికి ఇవతలి వైపున, ధర్మపురి దారిలో ఉన్న మా జగిత్యాలకు చేరింది.

కోట గీత అలా కుదిరింది. మరి ఆ బురుజుల మీది ఫిరంగికి గురి ఎట్లా? ఇక్కడే నా వృత్తికి పూర్వీకుడు కనిపిస్తాడు.

ఫిరంగి గొట్టం వెనకాల లావుగా, ముందు సన్నగా ఉంటుంది. మందు పేలేది వెనకాలే కనుక అక్కడ లోహం ఎక్కువ పోయాలి. అలాంటి గొట్టం పైభాగం మీదుగా కన్ను పెట్టి చూస్తే చూపు గీత వేరు, లోపలి రంధ్రం గీత వేరు. ఒక ఉదాహరణ తీసుకుందాం. వెనక మందం 50 సెంటీమీటర్లు, ముందు మందం 38, పొడవు 2 మీటర్లు. తేడాలో సగం 6 సెంటీమీటర్లు. అంటే ప్రతి 2 మీటర్లకూ గొట్టం చూపే గీత కంటి గీతకన్నా 6 సెంటీమీటర్లు పైకి లేస్తూ పోతుంది. 100 మీటర్లు పోయేసరికి అది దాదాపు 3 మీటర్లు. కొత్తవాడు మనిషి గుండెకు గురిపెట్టి కాలిస్తే, గుండు అతని తలపై నుంచి పోయి వెనకున్న ఇంటి గోడకు తగులుతుంది. తెలిసిన ఫిరంగివాడు ఆ సగం తేడా ఎంతో కొలిచి, అంతే ఎత్తున్న చెక్కముక్కనో లోహపు ముక్కనో గొట్టం మూతి మీద నిలబెట్టేవాడు. అప్పుడు చూపు గీతా రంధ్రం గీతా సమాంతరమవుతాయి. ఆ తర్వాత గొట్టం వెనక భాగం కింద చెక్క చీలను ముందుకో వెనక్కో జరిపి, దూరాన్ని బట్టి మూతిని ఎత్తడమో దించడమో చేసేవాడు.

ముందు సైట్ ఎత్తు పెంచితే గుండు కిందికి దిగుతుంది. తగ్గిస్తే పైకి ఎక్కుతుంది. ఫిరంగి మూతి మీది చెక్కముక్కకూ, నేను ఆకురాయితో రుద్దిన రివాల్వర్ ముందు సైట్‌కూ సూత్రం ఒక్కటే. రెంటి మధ్య రెండు వందల ఏళ్ల పైచిలుకు కాలం ఉంది. లెక్క మాత్రం మారలేదు.

ఆ ఫిరంగుల కాలంలో హైదరాబాద్ రాజ్యానికి ఫ్రెంచివాళ్ల పనితనం చాలా దగ్గరయింది. నిజాం అలీ ఖాన్ కొలువులో చేరిన ఫ్రెంచివాడు రేమండ్ 1786లో హైదరాబాద్‌లో ఫిరంగులు పోసే కార్ఖానా పెట్టించాడు. ఇప్పటి గన్‌ఫౌండ్రీ పేట అదే. రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు, అక్టోబరులో ఫ్రెంచి పటాలాలను నిరాయుధం చేశారు. పెద్ద ఆయుధాల విద్య ఆ తర్వాత ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చేతుల్లోకి పోయింది.

ఇనుము విద్య మాత్రం ఊళ్లలోనే మిగిలింది. కోరుట్ల నుంచి మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్ పోయే దారిలో, కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం ఉంది. మూసిన మట్టి మూసల్లో ఇనుమును కరిగించి తీసిన ఉక్కు కోసం ఆ ఊరికి పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. త్రికోణమితి సర్వేతో తిరిగిన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్‌సీ ఆ కొలిమిని కళ్లారా చూసి రాశాడు. ఆయన 1824లో చనిపోయాడు, రాసింది 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ ఉక్కు ముఖ్యంగా కత్తులకు పోయింది. ఈ మధ్య కాలంలో పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి, పాత కొలిమి దిబ్బలను, చిట్టెపు రాళ్ల కుప్పలను ఊరూరా నమోదు చేశారు. నేను కమ్మరింట పుట్టినవాణ్ణి. ఆ దిబ్బల మీద మా చిన్నప్పుడు మేకలు మేపేవాళ్లు. అవేమిటో మాకెవరూ చెప్పలేదు.

మా బాపు కోరుట్ల పక్క పల్లెలో నాగటి కర్రులు సాగదీసేవాడు, బండి చక్రాలకు పట్టాలు వేసేవాడు. ఊళ్లో వేటగాళ్ల దగ్గర భర్మారు తుపాకులు ఉండేవి. మూతి వైపు నుంచి మందు పోసి, పీచు కూరి, సీసపు గుండు వేసి, ఇనుప కడ్డీతో దట్టించి కాల్చే తుపాకులు అవి. అడవి పందులు మక్క చేన్లు పాడుచేస్తున్నాయని రైతులు వాళ్లను పిలిపించుకునేవాళ్లు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, ఆ తర్వాత మెల్లగా వేట తగ్గింది. అప్పటిదాకా చెడిపోయిన భర్మారు బాపు కొలిమి ముందుకే వచ్చేది.

"గురి కుదురుతలేదు పెద్దయ్యా, ఎడమకు కొడుతుంది" అని వేటగాడు అంటే, బాపు మొదట సైట్ వైపు చూసేవాడే కాదు. "మొదలు గొట్టం సక్కగున్నదా సూడాలె. గింజ సంగతి తర్వాత" అనేవాడు. తుపాకి వెనక మర ఊడదీసి, గొట్టాన్ని తలుపు వైపు ఎత్తి, లోపలికి చూసేవాడు. తలుపు చట్రం అంచు నీడ గొట్టం లోపలి గోడ మీద సన్నటి గీతలా పడుతుంది. గొట్టం సాఫుగా ఉంటే ఆ గీత తిన్నగా సాగుతుంది. ఎక్కడైనా వంగి ఉంటే గీత అక్కడ విరుగుతుంది. విరిగిన చోట గుర్తు పెట్టి, కట్టె మొద్దు మీద ఆనించి, కట్టె సుత్తితో ఒకటి రెండు దెబ్బలు వేసి మళ్లీ చూసేవాడు. గొట్టం తిన్నగా వచ్చాకే మూతి మీద ముందు సైట్‌గా ఇత్తడి గింజ అతికేవాడు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ తుపాకి కార్ఖానాల్లో కూడా గొట్టాలు సరిచేసే పనివాళ్లు ఇదే నీడ పద్ధతిలో చూసేవాళ్లని ఉద్యోగంలో చేరాక చదివాను. బర్మింగ్‌హామ్ పేరు బాపు ఎన్నడూ వినలేదు. నీడ ఆయనకే తెలుసు.

భర్మారు మా జిల్లాలో వేటకు మాత్రమే వాడలేదు. నిజాం పాలన చివరి రోజుల్లో దొరల గడీల్లో తుపాకులు ఉండేవి, రజాకార్ల చేతుల్లో ఉండేవి. వాటికి ఎదురు నిలిచినవాళ్లు దొరికిన ఆయుధం పట్టుకున్నారు. కరీంనగర్ ప్రాంతంలో సాయుధ పోరాటాన్ని నడిపిన అనభేరి ప్రభాకరరావు 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో తన సహచరులతో పాటు నేలకొరిగాడు. ఆ పోరులో ఒకవైపు పోలీసుల రైఫిళ్లు. రైఫిల్ గొట్టం లోపల మెలికల గాడులు ఉంటాయి, గుండు తిరుగుతూ తిన్నగా పోతుంది. వెనక సైట్ మీద దూరాల గుర్తులు ఉంటాయి, వందల గజాల దాకా ఎత్తు మార్చుకోవచ్చు. నున్నటి గొట్టం ఉన్న నాటు తుపాకితో గుండ్రటి గుండు యాభై అరవై గజాలు దాటాక ఎటు పోతుందో చెప్పలేం. ధైర్యంలో తేడా ఉందని ఎవరూ అనలేరు. ఆయుధంలో ఉన్న తేడా ప్రాణాలు తీసింది.

ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ అదే నేల రగిలింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతు కూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టికీ దొరల పెత్తనానికీ ఎదురుగా వేల మంది కదిలారు. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలు ఈ పల్లెల్లో తుపాకి మోగని నెల లేదనిపించేది. పోలీసులు చనిపోయారు, నక్సలైటు దళాలవాళ్లు చనిపోయారు, ఏ వైపూ కాని మనుషులు కూడా చనిపోయారు. నేను ఉద్యోగంలో చేరింది ఆ కాలంలోనే. ఒక కొలిమి ముందు పెరిగిన నేను యూనిఫాం వేసుకున్నాను, నాతో బడిలో చదువుకున్నవాళ్లలో కొందరు అడవికి పోయారు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు, గర్వమూ లేదు. ఆ కాలం మా అందరినీ అట్లా పంచింది.

స్టేషన్ల నుంచి మా దగ్గరికి వచ్చే చేతి తుపాకుల్లో .38 ఎన్‌ఫీల్డ్ రివాల్వర్లు ఎక్కువగా ఉండేవి. బ్రిటన్ సైన్యం 1932లో తీసుకున్న నమూనా అది. గొళ్లెం నొక్కితే గొట్టం ముందుకు వంగి తెరుచుకుంటుంది, ఖాళీ తూటా తొడుగులు బయటికి వస్తాయి. దాని వెనక సైట్ ఆ గొళ్లెం మీదే కోసిన గాడి. చాలామందికి తెలియని సంగతి ఇక్కడుంది. ఏళ్ల తరబడి తెరిచి మూసిన రివాల్వర్‌లో గొళ్లెం అరిగి కదులుతుంది. గొళ్లెం కదిలితే వెనక సైట్ కూడా కదిలినట్టే. మనిషి చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా, కన్ను ఎంత బాగున్నా, గుండు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు పోతుంది. అలాంటి రివాల్వర్‌కు ముందు సైట్ మార్చి లాభం లేదు. బాపు భర్మారు గొట్టాన్ని ముందు చూసినట్టే, నేను మొదట గొళ్లెం చూసేవాణ్ణి. తర్వాత సిలిండర్ ఊగుతుందా చూసేవాణ్ణి. అన్నీ గట్టిగా ఉన్నాయని నిర్ధారించుకున్నాకే ముందు సైట్ రేకు జోలికి పోవాలి. ఎన్‌ఫీల్డ్‌లో ఆ రేకు చిన్న మరతో బిగించి ఉంటుంది, ఎత్తు తేడా ఉన్న రేకు మార్చవచ్చు, లేకపోతే ఆకురాయితో తగ్గించవచ్చు. రుద్దిన లోహం తిరిగి రాదు కనుక ఒక్కో రుద్దుడుకూ కాల్చి చూసుకోవాలి.

తొమ్మిది ఎం.ఎం. పిస్టల్ పద్ధతి వేరు. దాని వెనక సైట్ ఏటవాలు అంచుల గాడిలో బిగుతుగా కూర్చుని ఉంటుంది. ఇత్తడి కడ్డీ ఆనించి మెల్లగా తట్టి పక్కకు జరుపుతాం. ఇనుప కడ్డీ పెడితే సైట్ అంచు నలుగుతుంది. గుండు ఎటు పోవాలనుకుంటామో వెనక సైట్‌ను అటే జరపాలి. ముందు సైట్ అయితే దానికి ఎదురు దిక్కుకు. కొత్తగా వచ్చిన పిల్లలు ఈ రెండూ కలగలిపి తికమక పడేవాళ్లు. వాళ్లకు నేర్పిన మొదటి సంగతి మాత్రం వేరే ఉంది: ఒక్క గుండు చూసి సైట్ ముట్టుకోవద్దు. తుపాకిని ఇసుక మూట మీద ఆనించి ఐదు గుండ్లు కాల్చు. ఐదూ ఒక్కచోట గుంపుగా పడ్డాయా? పడితే గుంపు మధ్యభాగం నుంచి టార్గెట్ మధ్యకు కొలువు, లెక్క ప్రకారం సైట్ జరుపు. గుంపే పడలేదంటే తప్పు సైట్‌ది కాదు. ట్రిగ్గర్‌ను గుంజుతున్నావో, ఊపిరి పీలుస్తున్నావో, ముందు సైట్‌ను వదిలి టార్గెట్‌ను చూస్తున్నావో వెతుక్కో. కన్ను ఒకేసారి రెండు దూరాల మీద నిలవదు. ముందు సైట్ స్పష్టంగా, టార్గెట్ కొంచెం మసకగా కనిపించాలి. దాంతో పాటు తూటా రకం మారితే లెక్క మారుతుంది. బరువైన గుండు గొట్టంలో కాస్త ఎక్కువసేపు ఉంటుంది, ఆ లోపు చేతి తుపాకి మూతి పైకి లేస్తుంది, గుండు ఎత్తులో తగులుతుంది. అందుకే ఏ తూటాతో డ్యూటీ చేస్తారో ఆ తూటాతోనే సైట్ చూడాలి.

సిరిసిల్లలో ఉన్నప్పుడు మా క్వార్టర్స్ వెనక వీధంతా సాంచెలే, అంటే మరమగ్గాలే. రాత్రంతా ఆ చప్పుడు ఆగేది కాదు. సాంచె మేస్త్రీ ఒక బోల్టును పావు చుట్టు తిప్పి, నాలుగు గజాల గుడ్డ నేయించి, పోగులు చూసి, మళ్లీ పావు చుట్టు తిప్పేవాడు. నా పనీ సరిగ్గా అట్లాంటిదే. ఆ మేస్త్రీ తప్పు చేస్తే గుడ్డ పాడవుతుంది. నేను తప్పు చేస్తే మనిషి పోతాడు. ఆ భయం రిటైరయ్యేదాకా నన్ను వదల్లేదు, వదలకూడదనే నేను కోరుకున్నాను.

ఇప్పుడు ఆ కాలం మారింది. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి. పల్లెల్లో పిల్లలు తుపాకి పేరు వింటే టీవీలో చూసిన పోటీలు గుర్తు చేసుకుంటున్నారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ యువకుడు గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు పతకం గెలిచాడు. 2018లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పదమూడేళ్ల వయసులో ఎయిర్ పిస్టల్ జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది, అందులో 25 మీటర్ల పిస్టల్ జట్టు స్వర్ణం ఒకటి. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పోటీ చేసింది.

ఆ పోటీల కొలతలు విన్నప్పుడు నా వృత్తి మీద నాకు గౌరవం పెరిగింది. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లు. గుండు 4.5 మిల్లీమీటర్లు. ఒక్క చేత్తో, ఏ ఆధారమూ లేకుండా నిలబడి కాల్చాలి. వెనక సైట్‌కు రెండు మరలు ఉంటాయి, ఒకటి ఎత్తుకు, ఒకటి పక్కకు. తిప్పితే చిన్న చప్పుడుతో ఒక్కో మెట్టు జరుగుతుంది. హాలులో దీపాల వెలుతురు మారితే సైట్ మారుస్తారు. సైట్ మెరవకుండా మసి పట్టించేవాళ్లు కూడా ఉన్నారు. నల్లటి వృత్తం మధ్యకు గురిపెట్టరు, నల్లటి సైట్ నల్లటి వృత్తంలో కలిసిపోతుంది కనుక. వృత్తం కింద కొంత తెల్లటి జాగా వదిలి అక్కడ గురిపెడతారు, గుండు మధ్యలో తగిలేలా ఆ తేడాను ముందే సైట్‌లో కుదుర్చుకుంటారు. జగిత్యాల ఫిరంగివాడు మూతి మీద నిలబెట్టిన చెక్కముక్క పనే ఇది, ఇప్పుడు మర తిప్పితే జరుగుతుంది.

నేను అడిగేది రెండే. మొదటిది, జగిత్యాల కోటలో ఆ నక్షత్రం ఆకారం ఎందుకు వచ్చిందో, ఫిరంగికి గురి ఎట్లా కుదిర్చేవాళ్లో బొమ్మలతో వివరించే బోర్డు పెట్టాలి. తొమ్మిదో తరగతి పిల్లకు అర్థమయ్యే జామెట్రీ అది. బడివాళ్లు పిల్లలను కోటకు తీసుకుపోయినప్పుడు నవాబు పేరుతో పాటు ఆ గీతలు కూడా చూపించాలి. రెండోది, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు ఊళ్లలోనూ ఎయిర్ పిస్టల్ నేర్పే హాళ్లు కావాలి. పది మీటర్ల దూరం, వెనక గట్టి గోడ, తెలిసిన గురువు ఉంటే చాలు. ఆ హాలులో పిల్లకు పిస్టల్ ఇచ్చే ముందు, తన సైట్ తానే కుదుర్చుకోవడం నేర్పాలి. ఐదు గుండ్లు కాల్చి, గుంపు కొలిచి, లెక్క వేసి, మర తిప్పి, మళ్లీ కాల్చి చూసుకోవాలి. తప్పు తుపాకిలో ఉందా తనలో ఉందా అని నిజాయితీగా తేల్చుకునే అలవాటు అక్కడే పడుతుంది. మా తరం ఈ లెక్కను మనుషుల మధ్య నేర్చుకుంది. ఈ తరం దాన్ని కాగితపు టార్గెట్ మీద నేర్చుకోగలదు, నేర్పడానికి నాలాంటి పాత ఆర్మరర్లు ఈ మూడు ఊళ్లలోనూ ఇంకా ఉన్నారు.